ఇథియోపియా: జాతుల పేరిట రాష్ట్రాలు, తేలని సరిహద్దులు, దేశ సమైక్యత

వెంకటరమణ
ఎర్ర సముద్రపు రేవు గురించి, సముద్రతీరం లేని ఇథియోపియాకూ పొరుగున ఉన్న ఎరిట్రియాకూ మధ్య మాటలు ముదిరినప్పటి నుంచి ఆ దేశ రాజకీయాలను శ్రద్ధగా చదువుతున్నాను. 1991 మే నెలలో మెంగిస్తు హైలె మరియం సైనిక ప్రభుత్వం కూలిపోయింది. ఆ తర్వాత టిగ్రాయ్ విమోచన సంస్థ నాయకత్వంలోని కూటమి అధికారానికి వచ్చి, 1995లో అమల్లోకి తెచ్చిన రాజ్యాంగంతో దేశాన్ని తొమ్మిది రాష్ట్రాలుగా ఏర్పరచింది. వాటిలో చాలావాటికి జాతి పేరే రాష్ట్రం పేరు. ఆ రాజ్యాంగంలోని 39వ అధికరణం ప్రతి జాతికీ దేశం నుంచి విడిపోయే హక్కును సైతం ఇచ్చింది. 2020లో మొదలైన టిగ్రాయ్ యుద్ధానికీ, ఆ తర్వాత అమ్హారాలో రగిలిన తిరుగుబాటుకూ ఈ రాజ్యాంగమే మూలమని కొందరు రాస్తున్నారు. ఇది లేకపోతే 1991లోనే దేశం ముక్కలయ్యేదని మరికొందరు వాదిస్తున్నారు. ఆ దేశంలో పనిచేసి వచ్చిన అధ్యాపకులు మన వేదికలో ఉన్నారు కనుక వారి అభిప్రాయం తెలుసుకోవాలని ఈ చర్చను ప్రారంభిస్తున్నాను.

మాధవి
నేను న్యాయశాస్త్రం బోధిస్తాను. రాజ్యాంగాల తులనాత్మక అధ్యయనంలో ఇథియోపియా గురించి ఏటా పాఠం చెబుతాను. అందరి దృష్టీ 39వ అధికరణం మీదే పడుతుంది, కానీ ఆ హక్కును ఇంతవరకూ ఏ జాతీ చివరిదాకా వినియోగించుకోలేదు. విడిపోవాలంటే ఆ జాతి శాసనసభలో మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలి, ఆ తర్వాత మూడేళ్లలోగా కేంద్రం ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. అసలు చిక్కు నా ఉద్దేశంలో 48, 62 అధికరణాల్లో ఉంది. రెండు రాష్ట్రాల మధ్య సరిహద్దు తగాదా వస్తే ముందు వారే మాట్లాడుకోవాలి. వారికి కుదరకపోతే సమాఖ్య సభ రెండేళ్లలోగా తీర్పు చెప్పాలి. రాజ్యాంగానికి భాష్యం చెప్పే అధికారం కూడా ఆ దేశంలో సుప్రీంకోర్టుకు లేదు, సమాఖ్య సభకే ఉంది. ఆ సభలో కూర్చునేది ఎవరంటే జాతుల ప్రతినిధులే. అంటే తగాదా పడిన వారి మనుషులే తీర్పరులు.

కూటమి బలంగా ఉన్న రోజుల్లో ఈ లోపం పైకి కనబడలేదు. నాలుగు ప్రధాన పార్టీలూ ఒకే గొడుగు కింద ఉండేవి. కూటమి అధినేత, ప్రధాని మెలెస్ జెనావి బతికున్నంత కాలం ఎక్కడ ఏ గీత పడాలో పార్టీ కార్యాలయంలోనే తేలిపోయేది. ఆయన 2012లో మరణించారు. 2018 నాటికి కూటమిలో ఎవరి మాట ఎవరూ వినని స్థితి వచ్చింది. 2019 చివరలో ప్రధాని అబియ్ అహ్మద్ ఆ కూటమిని రద్దు చేసి ప్రాస్పెరిటీ పార్టీని ఏర్పాటు చేస్తే, టిగ్రాయ్ విమోచన సంస్థ, అంటే టిగ్రాయ్ పార్టీ, అందులో చేరడానికి నిరాకరించింది. అప్పటిదాకా తీర్పులు చెప్పిన పార్టీ పోయింది. రాజ్యాంగంలో రాసి ఉన్న తీర్పరికి ఎన్నడూ పని చేసిన అలవాటు లేదు. నేను ఈ యుద్ధాలన్నిటినీ ఆ ఖాళీ నుంచే చూస్తాను.

సీతారామయ్య
మాధవి గారు చెప్పింది పైస్థాయి సంగతి. నేను అమ్హారా రాష్ట్ర రాజధాని బహిర్ దార్‌లో సివిల్ ఇంజనీరింగ్ బోధించాను కాబట్టి కిందిస్థాయిలో చూసింది చెబుతాను. అక్కడ కెబెలె అంటే మన వార్డు లాంటి అట్టడుగు పాలనా విభాగం. కెబెలె ఇచ్చే గుర్తింపు కార్డు మీద పేరు, పుట్టిన తేదీలతో పాటు జాతి కూడా ఒక గడిలో రాసి ఉండేది. తండ్రి అమ్హారా, తల్లి ఓరొమో అయిన సహోద్యోగి ఒకాయన తన కార్డు చూపించి, ఈ గడిలో రెండు పేర్లు పట్టవని చెప్పారు. ఆయన పుట్టి పెరిగింది దేశ రాజధాని అడిస్ అబాబాలో, ఇంట్లో మాట్లాడేది అమ్హారిక్. తనను ఇథియోపియన్ అని రాయమంటే అది జాతి కాదని గుమాస్తా ఒప్పుకోలేదట.

కార్డుతో ఆగిపోతే బాధ లేదు. బెనిషాంగుల్-గుముజ్ రాష్ట్ర రాజ్యాంగం బెర్తా, గుముజ్, షినాషా, మావో, కోమో అనే అయిదు జాతులను ఆ రాష్ట్రానికి హక్కుదారులుగా పేర్కొంటుంది. అక్కడే తరాలుగా సాగు చేసుకుంటున్న అమ్హారాలు, ఓరొమోలు, అగావులు ఉన్నారు. వారు పన్ను కడతారు, ఓటు వేస్తారు, కానీ ఆ నేల వారిది కాదని చట్టమే చెబుతున్నట్టుంటుంది. 2020 డిసెంబరులో ఆ రాష్ట్రంలోని మెటెకెల్ మండలంలో (అక్కడ మండలం అంటే మన జిల్లా లాంటిది) ఒక్క దాడిలోనే రెండు వందల మందికి పైగా చనిపోయారు. జాతికి గౌరవం ఇవ్వడం వేరు, నేలను జాతికి రాసివ్వడం వేరు. ఈ రెంటినీ కలిపేయడమే ఆ దేశానికి జరిగిన అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పద్మజ
సీతారామయ్య గారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది. నేను టిగ్రాయ్ రాజధాని మెకెలెలో గణాంకశాస్త్రం బోధించాను, అందువల్ల నా కంటికి కనబడిన ఇథియోపియా వేరు. ఈ ఏర్పాటు ఎందుకు వచ్చిందో మరచిపోయి దాని నష్టాలు మాత్రమే లెక్క వేయడం న్యాయం కాదు. చక్రవర్తి హైలె సెలాసీ కాలంలో బడిలో, కోర్టులో, కచేరీలో అమ్హారిక్ తప్ప మరో భాషకు చోటు లేదు. దేశంలో అత్యధికులు మాట్లాడే ఓరొమో భాషలో బడి పుస్తకం ఉండేది కాదు. న్యాయస్థానంలో రైతు తన గోడు చెప్పుకోవాలన్నా దుబాసీ కావాలి. 1960ల చివర అడిస్ అబాబా విశ్వవిద్యాలయ విద్యార్థులు జాతుల సమస్యను బహిరంగంగా లేవనెత్తినప్పుడు వారిలో అమ్హారా యువకులూ ఉన్నారు. ఈ ఆలోచన టిగ్రాయ్ నాయకులు 1991లో హఠాత్తుగా పుట్టించింది కాదు.

జనానికి తమ భాష ఎంత ముఖ్యమో ఒక ఉదాహరణ చెబుతాను. 1990ల చివర దక్షిణాదిలో వొలాయిటా, గామో, గోఫా, దావ్రో అనే నాలుగు దగ్గరి భాషలను కలిపి ఒకే భాషగా తయారుచేసి, అందులో పాఠ్యపుస్తకాలు అచ్చువేశారు. పొదుపు కోసమనీ, సమైక్యత కోసమనీ చెప్పారు. వొలాయిటాలోని సొద్దో పట్టణంలో ఉపాధ్యాయులు, విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. చివరికి ప్రభుత్వం ఆ పుస్తకాలను వెనక్కి తీసుకోవలసి వచ్చింది, 2000లో వొలాయిటాకు ప్రత్యేక మండలం ఇవ్వవలసి వచ్చింది. సమైక్యత పేరుతో పైనుంచి రుద్దితే ఏమవుతుందో ఆ నేల చాలాసార్లు చూసింది.

కిరణ్
నేను సివిల్స్‌కు చదువుతున్నాను. నా సందేహం చిన్నదే. మనకూ భాషాప్రయుక్త రాష్ట్రాలు ఉన్నాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాయి, 2014లో తెలంగాణ వేరయింది. మనకు జరగనిది వారికెందుకు జరిగింది?

మాధవి
కిరణ్, ప్రశ్న మంచిదే కానీ రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. మన రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం రాష్ట్రాల హద్దులు మార్చే అధికారం పార్లమెంటుది. ఏ రాష్ట్రమూ ఏ భాషవారికీ సొంతం కాదు. కొఠియా గ్రామాల గురించి ఆంధ్ర, ఒడిశాలు దశాబ్దాలుగా తగాదా పడుతున్నాయి. రెండు ప్రభుత్వాలూ అక్కడ పథకాలు పోటీపడి ఇస్తాయి, కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, అంతకు మించి ఏమీ జరగదు, ఎందుకంటే తీర్పు చెప్పేవారు రెండు పక్షాలకూ బయట ఉన్నారు. ఇథియోపియాలో సార్వభౌమాధికారమే జాతులదని 8వ అధికరణం చెబుతుంది. పైగా అక్కడ ప్రతి రాష్ట్రం సొంతంగా ప్రత్యేక దళాలను పెంచుకుంది. 2007 ప్రాంతంలో సోమాలీ రాష్ట్రంలో మొదలైన ఆ పద్ధతి తర్వాత మిగతా రాష్ట్రాలకూ పాకింది. సరిహద్దు తగాదా ఉన్నచోట ఇరువైపులా సైన్యం లాంటి పోలీసు ఉంటే ఏమవుతుందో 2017లో ఓరొమో, సోమాలీల మధ్య చూశాం. లక్షల మంది ఇళ్లు వదిలిపోయారు. 2018లో ఘర్షణల వల్ల కొత్తగా నిర్వాసితులైన వారి సంఖ్యలో ఇథియోపియా ప్రపంచంలోనే మొదటి స్థానంలో నిలిచింది. ఆ ఏడాది ఆ సంఖ్య సుమారు 29 లక్షలు.

నిర్వాహకుడు
సభ్యులకు మనవి. ఆంధ్ర, తెలంగాణ విభజనపై వచ్చిన రెండు వ్యాఖ్యలను వేరే చర్చకు మార్చాము. ఇక్కడ ఇథియోపియా గురించే కొనసాగించగలరు.

సుధాకర్ రావు
చరిత్ర వైపు నుంచి ఒక మాట చేర్చాలి. లోపలి గీతలనూ బయటి గీతలనూ మనం విడదీసి మాట్లాడుతున్నాం, కానీ ఇథియోపియాలో అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ఎరిట్రియానే తీసుకోండి. 1952లో ఐక్యరాజ్య సమితి నిర్ణయంతో అది ఇథియోపియాతో సమాఖ్యగా చేరింది. 1962లో చక్రవర్తి ఆ సమాఖ్యను రద్దు చేసి దానిని మామూలు రాష్ట్రంగా కలిపేసుకున్నాడు. దాని ఫలితం ముప్పై ఏళ్ల యుద్ధం, 1993లో స్వాతంత్ర్యం, ఇథియోపియాకు సముద్రతీరం లేకుండా పోవడం. సమైక్యతను బలవంతంగా సాధించబోయి దేశంలో ఒక భాగాన్నే పోగొట్టుకున్నారు.

విడిపోయేటప్పుడు సరిహద్దును నేల మీద గుర్తించుకోలేదు. విమోచన యుద్ధంలో ఎరిట్రియా, టిగ్రాయ్ సంస్థలు రెండూ కలిసి పోరాడాయి కనుక ఆ పని తర్వాత చూసుకోవచ్చని అనుకున్నారు. 1998 మే నెలలో బాద్మే అనే చిన్న ఊరి దగ్గర మొదలైన ఘర్షణ రెండేళ్ల యుద్ధమై పదుల వేల మందిని బలి తీసుకుంది. 2000 డిసెంబరులో అల్జీర్స్‌లో ఒప్పందం కుదిరింది. 2002 ఏప్రిల్‌లో ఆ ఒప్పందం కింద ఏర్పడిన సరిహద్దు సంఘం బాద్మే ఎరిట్రియాదేనని తీర్పు చెప్పింది. ఆ తీర్పును ఇథియోపియా పదహారేళ్లు అమలు చేయలేదు. 2018లో అబియ్ దానిని పూర్తిగా అంగీకరిస్తున్నట్టు ప్రకటించి, జూలైలో ఎరిట్రియా రాజధాని అస్మారా వెళ్లి అధ్యక్షుడు ఇసాయాస్ అఫ్‌వెర్కిని ఆలింగనం చేసుకున్నారు. 2019లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

ఈ శాంతిలో ఒక పెద్ద లోటు ఉంది. ఆ సరిహద్దు చాలా భాగం టిగ్రాయ్‌ది. బాద్మేను పాలిస్తున్నది టిగ్రాయ్. ఆ గీత వల్ల రెండుగా చీలిపోయే ఐరోబ్ ప్రజలు ఉండేదీ టిగ్రాయ్‌లోనే. అంగీకారం ప్రకటించినప్పుడు బాద్మేలోనూ ఐరోబ్ ప్రాంతంలోనూ జనం నిరసన తెలిపారు. అడిస్ అబాబా, అస్మారా చేతులు కలిపాయి, మధ్యలో ఉన్నవారిని అడిగినవారు లేరు. రెండున్నరేళ్లు తిరగకముందే ఆ రెండు సైన్యాలూ టిగ్రాయ్‌లో కలిసి యుద్ధం చేశాయి.

పద్మజ
సుధాకర్ రావు గారు చెప్పిన చివరి వాక్యం మీద కొంచెం ఆగాలి. 2020 నవంబరు తొలివారంలో టిగ్రాయ్ బలగాలు కేంద్ర సైన్యపు ఉత్తర కమాండ్ స్థావరాలపై దాడి చేశాయి. అది జరిగింది, దానిని నేను సమర్థించను. ఆ తర్వాత జరిగినది మాత్రం ఒక పార్టీని శిక్షించడం కాదు, ఒక జాతి మొత్తాన్ని శిక్షించడం. టిగ్రాయ్‌లోని ఆక్సుమ్‌లో ఎరిట్రియా సైనికులు పౌరులను చంపారు. బ్యాంకులు మూతపడ్డాయి, ఫోన్లు, ఇంటర్నెట్ ఆగిపోయాయి. నాతో పనిచేసిన అధ్యాపకులకు నెలల తరబడి జీతం అందలేదు. వారి ఖాతాల్లో ఉన్న సొంత డబ్బును కూడా తీసుకోలేకపోయారు. ఒకావిడ బతికి ఉన్నదో లేదో నాకు యుద్ధం ముగిసిన తర్వాత గానీ తెలియలేదు. మెకెలెకు విమానాలు మళ్లీ నడిచింది 2022 డిసెంబరు చివరలో. ఆ యుద్ధంలో చనిపోయిన వారు ఆరు లక్షల దాకా ఉండవచ్చని ఆఫ్రికా సమాఖ్య దూతగా వ్యవహరించిన ఒబసాంజో అన్నారు.

అందుకే దేశ సమైక్యత అనే మాట ఇప్పుడు టిగ్రాయ్‌లో వినిపిస్తే జనం గుండెలు గుభేలుమంటాయి. ఆ మాట పేరుతోనే వారి మీదికి ట్యాంకులు వచ్చాయి.

సీతారామయ్య
పద్మజ గారూ, మీరు చెప్పిన దానిలో ఒక్క అక్షరాన్ని కూడా నేను కాదనను. కానీ వెల్కాయిట్ సంగతి మాట్లాడకుండా ఆ యుద్ధం గురించి మాట్లాడలేము. టెకెజె నదికి పడమట ఉన్న వెల్కాయిట్, సెగెదె, హుమేరా ప్రాంతాలు 1991కి ముందు, ఇప్పుడు అమ్హారాలో ఉన్న గొందర్ వైపు పాలనలో ఉండేవి. కొత్త పటంలో టిగ్రాయ్‌లో కలిశాయి. హుమేరా నువ్వులకు పేరుపొందిన సారవంతమైన నేల, పైగా సూడాన్‌కు దారి. అక్కడి అమ్హారాలు తమ పిల్లలకు అమ్హారిక్‌లో చదువు కావాలని అడిగితే అణచివేశారు. తమ గుర్తింపు కోసం సంఘం పెట్టి సమాఖ్య సభకు అర్జీ పెట్టుకుంటే మీ రాష్ట్రానికే వెళ్లి చెప్పుకోమన్నారు. 2016 జూలైలో గొందర్‌లో ఆ సంఘం నాయకుడు కర్నల్ దెమెకె జెవ్దును పట్టుకోవడానికి బలగాలు రావడంతో అమ్హారా అంతటా ఉద్యమం లేచింది. నేను బహిర్ దార్‌లో చూసిన యువకుల కోపానికి మూలం అది. వారు సామ్రాజ్యం కావాలని అడగలేదు, తమ మాట వినే చోటు ఒకటి కావాలన్నారు.

పద్మజ
2007 జనాభా లెక్కల్లో వెల్కాయిట్ ఉన్న ఆ మండలంలో టిగ్రియన్లదే భారీ ఆధిక్యం.

సీతారామయ్య
అవును, అప్పటికి పదహారేళ్లుగా టిగ్రాయ్ పాలన ఉంది. సూడాన్ శిబిరాల నుంచి తిరిగి వచ్చిన వారినీ, మాజీ సైనికులనూ అక్కడ స్థిరపరిచారు కూడా. అమ్హారాలు ఆ లెక్కను ఒప్పుకోకపోవడానికి కారణం అదే.

పద్మజ
2020 తర్వాత అమ్హారా బలగాలు అక్కడి నుంచి లక్షల మంది టిగ్రియన్లను వెళ్లగొట్టాయి. హ్యూమన్ రైట్స్ వాచ్, ఆమ్నెస్టీ కలిసి 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదిక దీనిని జాతి ప్రక్షాళనగానే పేర్కొంది. ఇప్పుడు లెక్క తీస్తే ఆధిక్యం ఇంకొకరిది అవుతుంది. ఇలా అయితే ఎవరు ఎవరిని చివరగా తరిమారో వారిదే నేల అని ఒప్పుకున్నట్టు కాదా? మా విద్యార్థులు కొందరు ఆ ప్రాంతం వారే. వారి కుటుంబాలు షిరే పట్టణంలోని బడి గదుల్లో ఏళ్లుగా తలదాచుకుంటున్నాయి. ఆ ప్రాంతంలోనే మై కాద్రాలో 2020 నవంబరులో జరిగిన ఊచకోతలో చనిపోయిన అమ్హారా కూలీల గురించి కూడా నేను అంతే బాధతో మాట్లాడతాను, అది వేరే సంగతిగా చూడను.

మాధవి
మీ ఇద్దరి మాటలూ చదివిన తర్వాత నా మొదటి అభిప్రాయం ఇంకా బలపడింది. ఇద్దరూ చెబుతున్నవి నిజాలే, కానీ ఆ నిజాలను ఎదురెదురుగా పెట్టి తూచే వేదిక ఆ దేశంలో లేదు. జనగణనే చూడండి. 2007 తర్వాత జరగలేదు. 2019లో పార్లమెంటు దానిని మళ్లీ వాయిదా వేసింది. సీట్లు, నిధులు, నేల అన్నీ జాతి సంఖ్యతో ముడిపడిన చోట తలలు లెక్కపెట్టడమే ఘర్షణకు కారణమవుతుందని ప్రభుత్వాలు భయపడుతున్నాయి.

పద్ధతి పాటించిన చోట ఫలితం ఎలా ఉందో కూడా చెప్పాలి. సిడామా ప్రజలు ప్రత్యేక రాష్ట్రం కోసం చాలాకాలం పోరాడారు. 2019 జూలైలో జరిగిన హింసలో పదుల మంది చనిపోయారు. కానీ అదే ఏడాది నవంబరులో ఎన్నికల సంఘం ఓటింగ్ జరిపితే 98 శాతానికి పైగా అనుకూలంగా ఓటు వేశారు. 2020 జూన్‌లో సిడామా పదో రాష్ట్రమయింది, దాని రాజధాని హవాసా నగరం ప్రశాంతంగా ఉంది. ఆ తర్వాత దక్షిణాది రాష్ట్రం మరి మూడుగా విడిపోయి ఇప్పుడు మొత్తం 12 రాష్ట్రాలు అయ్యాయి. వొలాయిటా, గురాగె వారు తమకు వేరే రాష్ట్రం కావాలన్నా ఇవ్వలేదు. ఆ అసంతృప్తి మిగిలే ఉంది, అయినా దానిని యుద్ధంతో పోల్చలేము.

కిరణ్
అబియ్ స్వయంగా ఓరొమో. ఒరోమియాలోనే ఓరొమో విమోచన సైన్యం ఇంకా పోరాడుతోంది. అమ్హారాలో ఫానో అనే సాయుధ దళాలు టిగ్రాయ్ యుద్ధంలో కేంద్రంతో కలిసి నడిచి, తర్వాత కేంద్రం మీదే తిరగబడ్డాయి. ఇది నాకు అర్థం కావడం లేదు.

సుధాకర్ రావు
కిరణ్, అర్థం కావాలంటే 2022 నవంబరు 2న ప్రిటోరియాలో కుదిరిన ఒప్పందంలో సంతకాలు ఎవరివో చూడాలి. కేంద్ర ప్రభుత్వానిదీ, టిగ్రాయ్ పార్టీదీ. యుద్ధం చేసిన ఎరిట్రియా అందులో లేదు, అమ్హారా బలగాలు కూడా లేవు. వివాదంలో ఉన్న ప్రాంతాలను రాజ్యాంగం ప్రకారం పరిష్కరిస్తామని ఒక్క వాక్యం రాశారు. వెల్కాయిట్ చేజారుతుందని అమ్హారాలు భయపడ్డారు. 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాల ప్రత్యేక దళాలను రద్దు చేస్తామని కేంద్రం ప్రకటించగానే ఆ భయం తిరుగుబాటయింది, ఆగస్టులో అత్యవసర పరిస్థితి వచ్చింది. దళాల రద్దు తనకు తానుగా సరైన నిర్ణయమే. సరిహద్దు తేల్చకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా చేయడం వల్ల అది నిరాయుధులను చేసే కుట్రగా కనబడింది.

ఓరొమోల సంగతి ఇంకో తీరు. 2014 నుంచి 2018 దాకా ఓరొమో యువత చేసిన ఉద్యమమే అబియ్‌ను ప్రధానిని చేసింది. 2020 జూన్‌లో గాయకుడు హచాలు హుండెసా హత్య తర్వాత ఓరొమో నాయకులను జైల్లో పెట్టడంతో ఆ బంధం తెగింది. ఆడ్వా విజయాన్ని కీర్తించే సమైక్యతా ప్రసంగాలు వారికి మరోలా వినిపిస్తాయి. 1896లో ఆడ్వాలో ఇటలీని ఓడించిన చక్రవర్తి మెనెలిక్కే దక్షిణాదిని కత్తితో జయించాడు. ఆర్సీలోని అనోలెలో తెగిన చేతిని చూపే స్మారకం ఆ గుర్తుగానే నిలబెట్టారు.

వెంకటరమణ
ఇన్ని విషయాలు తెలిసిన తర్వాత నేను మొదట చెప్పిన రేవు సంగతికి వస్తాను. 2023 అక్టోబరులో అబియ్ ఎర్ర సముద్రం గురించి బహిరంగంగా మాట్లాడారు. 2024 జనవరి 1న, సోమాలియా నుంచి విడిపోయామని ప్రకటించుకున్న సోమాలీలాండ్‌తో అవగాహన పత్రం మీద సంతకం చేసి సోమాలియాకు కోపం తెప్పించారు. ఆ ఏడాది డిసెంబరులో టర్కీ మధ్యవర్తిత్వంతో అది చల్లబడింది. ఆ తర్వాత చూపు ఎరిట్రియా రేవు అస్సాబ్ మీదికి మళ్లింది. 12 కోట్లకు మించిన జనాభా ఉన్న దేశం దాదాపు మొత్తం సరుకు రవాణాకు జిబౌటి మీదే ఆధారపడటం నిజంగా కష్టమే. ఈ లక్ష్యం జాతులన్నిటినీ ఒకతాటి మీదికి తెస్తుందా?

పద్మజ
వెంకటరమణ గారూ, నైలు నది మీది పెద్ద ఆనకట్ట విషయంలో ఆ ఐక్యత కనబడింది. 2011లో మొదలైన పనికి టిగ్రాయ్, అమ్హారా, ఒరోమియా అన్న తేడా లేకుండా ఉద్యోగులు జీతాల నుంచి బాండ్లు కొన్నారు. మా విభాగంలోనూ కొన్నారు. 2025 సెప్టెంబరులో దానిని ప్రారంభించారు. అక్కడ ఎవరి నేల మీదా యుద్ధం లేదు కాబట్టి అది సాధ్యమైంది. అస్సాబ్ కోసం యుద్ధం వస్తే సైన్యాలు నడిచే దారుల్లో టిగ్రాయ్, అఫార్ రాష్ట్రాల ఊళ్లే ఉంటాయి. ఇప్పటికే టిగ్రాయ్ పార్టీ దెబ్రెసియోన్, గెటాచెవ్ వర్గాలుగా చీలింది. ఒక వర్గానికి అస్మారాతో సంబంధాలున్నాయని అడిస్ అబాబా ఆరోపిస్తోంది. ఐరోబ్ గ్రామాల్లో ఎరిట్రియా సైన్యం ఇంకా ఉంది. తమను చంపిన సైన్యం ఒకవైపు, తమను ముట్టడించిన సైన్యం మరోవైపు ఉంటే ఆ జనం ఏ పక్షాన నిలబడాలి?

సీతారామయ్య
ఈ ఒక్క విషయంలో పద్మజ గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. రేవు గురించి మాట్లాడే ముందు వెల్కాయిట్ తేలాలి. ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతామని కేంద్రం అంటోంది. అమ్హారాగా పుట్టిన నా మిత్రులు చాలామంది వెంటనే జరపాలంటారు.

మాధవి
వెంటనే అంటే ఓటర్ల జాబితాలో ఎవరి పేర్లు ఉంటాయి? షిరే బడి గదుల్లో ఉన్నవారివి, సూడాన్‌కు పారిపోయినవారివి చేర్చకుండా ఓటు జరిపితే అది తరిమివేతకు ముద్ర వేయడమే. వారు తిరిగి వచ్చాక, 1991 నుంచి అణగి ఉన్న అమ్హారాల భాషా హక్కులకు కూడా రాతపూర్వకమైన హామీ ఇచ్చి, రెండు రాష్ట్రాల బలగాలు లేని పాలన కింద కొన్నేళ్లు గడిచాక ఓటు జరగాలి. ఆ మధ్యకాలపు పాలన ఆఫ్రికా సమాఖ్య పర్యవేక్షణలో ఉంటే రెండు పక్షాలూ ఒప్పుకోవచ్చు.

సీతారామయ్య
తిరిగి వచ్చినవారికి వారి పొలాలు ఎవరు ఇప్పిస్తారు? ఇప్పుడు వాటిని దున్నుతున్నవారిలో నేల లేని పేదలు కూడా ఉన్నారు. పొలం సంగతి ముందు తేలకపోతే ఓటు వరకూ ఎవరూ బతకనివ్వరు.

పద్మజ
1991కి ముందు, తర్వాత ఇచ్చిన సాగు పత్రాలు రెండు వైపులా చాలామంది దగ్గర ఉన్నాయి. మా సహోద్యోగి ఒకరు ఇంటి నుంచి పారిపోయేటప్పుడు తెచ్చుకున్నవి పిల్లల బట్టలు, పొలం పత్రం. ఆ పత్రాలను ఊరివారీగా పోల్చి చూసే పని ఓటు కోసం ఆగనవసరం లేదు. అమ్హారా, టిగ్రాయ్ పెద్దలు ఇద్దరిద్దరు చొప్పున కూర్చుంటే రేపే మొదలు పెట్టవచ్చు.